బెత్స గారికి బహిరంగ లేఖ

బెత్స గారూ, నమస్కారం.

మీరొక హీబ్రూ మాట, కాపురం హీబ్రూ బైబిల్లో, వ్యవహారాలు మాత్రం ఊరూరా. మీరెవరని అడిగితే లాభం అంటారు, అందులోనూ ఎక్కువగా అడ్డదారి లాభం. మీరు పుట్టింది "కోయడం" అనే ధాతువు నుంచి. హిజ్కియా రాజు జబ్బుపడి, మగ్గం మీది గుడ్డను కోసినట్టు దేవుడు నన్ను కోసేస్తున్నాడని వాపోయింది ఆ ధాతువుతోనే. వర్తకానికి అక్కడ ఇంకో మాట ఉంది, సహర్ అని. పాపం అది ఊళ్లు తిరిగి సరుకు అమ్ముకుంటుంది. మీకు ఆ తిరుగుడు ఎందుకు, కూర్చున్న చోటికే వస్తుంది కదా!

దోతాను అనే ఊళ్లో మీ పనితనం చూశాక ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే. అన్నలు తమ్ముడు యోసేపు అంగీ లాగేసి, నీళ్లు లేని గోతిలో పడేసి, భోజనానికి కూర్చున్నారు. (తమ్ముడు గోతిలో ఉన్నా ముద్ద దిగింది చూడండి, అదీ ఆరోగ్యమంటే.) అంతలో గుగ్గిలం, బోళం మోసుకుంటూ ఐగుప్తుకు (ఈజిప్టుకు) పోయే వర్తకుల ఒంటెలు కనబడ్డాయి. వెంటనే అన్నల్లో ఒకడైన యూదా నోట మీరు పలికారు: తమ్ముణ్ణి చంపితే మనకేం బెత్స, అమ్మేద్దాం, ఎంతైనా మన రక్తం కదా అని. జాలీ మీదే, బేరమూ మీదే. 20 తులాల వెండికి తెగింది. యోసేపు పదకొండు మంది అన్నదమ్ముల్లో రూబేను అప్పుడక్కడ లేడు, బెన్యామీనేమో చిన్నవాడు, అంటే తొమ్మిది మందికి తలా రెండు పోగా ఇంకో రెండు మిగలాలి. ఆ రెండూ ఏమయ్యాయో ఆదికాండం చెప్పదు, మీకైతే తెలిసే ఉంటుంది.

తెలుగు బైబిల్లో చోటుకో పేరుతో మాకు దొరక్కుండా తిరగడం మరీ బాగుంది. యూదా నోట "ప్రయోజనము", మోషేకు మామ ఇచ్చిన సలహాలో లంచం, సమూయేలు ప్రవక్త కొడుకుల దగ్గరికొచ్చేసరికి ధనాపేక్ష. ఆధార్ కార్డు ఏ పేరు మీద తీయించారో! 30వ కీర్తనలో అయితే ఏకంగా దేవుడితోనే బేరం: నేను గోతిలోకి దిగితే నా రక్తం వల్ల నీకేం బెత్స? అక్కడా గోయే, అక్కడా రక్తమే, కాకపోతే ఈసారి అడుగుతున్నది గోతిలో పడబోయేవాడు. అందుకేనేమో అక్కడ మీ మీద నాకు కోపం రాలేదు.

మోషే మామ యిత్రో మాత్రం మిమ్మల్ని బాగా ఎరిగినవాడు. బెత్స అంటే అసహ్యపడేవాళ్లనే జనం మీద పెట్టమని అల్లుడికి ముందే చెప్పాడు. ఆ తర్వాత సమూయేలు తన కొడుకులిద్దరినీ బెయేర్షెబాలో న్యాయాధిపతుల్ని చేస్తే, వాళ్లు నేరుగా మీ ఇంటికే వచ్చారు. జనం విసిగిపోయి మాకు రాజే కావాలన్నారు. రాజొస్తే మీ ధాన్యంలో, ద్రాక్షతోటల్లో పదో వంతు కోసుకుంటాడు, కొడుకుల్ని రథాల ముందు పరిగెత్తిస్తాడు అని ఆ ముసలాయన మొత్తుకున్నా, ఒక్కడైనా వింటేనా!

ఇట్లు,
మిమ్మల్ని రోజూ తిడుతూ, రోజూ ఎదురుచూసే ఒక జీతగాడు