నేలదే తప్పు: స్వయంచాలక లెవెలింగ్ వ్యవస్థకు ఒక సమర్థన

పికప్ ట్రక్కు వెనుక లాక్కెళ్లే చక్రాల ఇళ్లయిన ఫిఫ్త్ వీల్ ట్రైలర్ల యజమానులు, ఆగిన చోట ఆ ఇంటిని జాక్‌లనే కాళ్ల మీద మట్టంగా నిలబెట్టే తమ స్వయంచాలక లెవెలింగ్ వ్యవస్థ మీద చేస్తున్న ఫిర్యాదులు ఈ మధ్య శ్రుతి మించుతున్నాయి. అది మొరాయిస్తుందని, అంతుపట్టని హెచ్చరికలు జారీ చేస్తుందని, సరిగ్గా చీకటి పడి వాన మొదలయ్యే వేళకే మౌనవ్రతం పడుతుందని వారి అభియోగం. ఈ అభియోగాలన్నీ నిజమే అయినప్పటికీ వాటి వెనుక ఉన్న దృష్టి అన్యాయమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. యజమానులు ఆ వ్యవస్థను యంత్రమనుకుంటున్నారు. యంత్రమనుకోగానే మీట నొక్కితే పని జరగాలన్న అమాయకపు ఆశ మొలకెత్తుతుంది. నిజానికి అదొక కార్యాలయం. దానికి అర్జీ పెట్టుకోవాలి, జతపరచవలసిన పత్రాలన్నీ సక్రమంగా ఉండాలి, తిరస్కరిస్తే కారణం అడగకూడదు. ఈ సంగతి గ్రహించినవారికి ఆ పెట్టె పలికే ప్రతి పలుకూ ఎంతో సబబుగా తోస్తుంది.

కార్యాలయం వెలయకముందు పని ఎలా జరిగేదో కొత్త తరానికి తెలియదు. ట్రైలరు ముక్కు పికప్ ట్రక్కు తొట్టిలోని హిచ్ అనే జోడింపు మీద వాలి ఉంటుంది. విడిది చేరాక పల్లంగా ఉన్న పక్క చక్రాల కిందకు చెక్కలు తోసి, బండిని వాటి మీదకు ఎక్కించి, ముందరి కాళ్లను చేత్తో తిప్పి దించి, నేల మీద రసమట్టం పెట్టి, లోపల ఒకరు అరుస్తుంటే బయట ఒకరు వినిపించనట్లు నటిస్తుండేవారు. పని అయ్యేది. కానీ అందులో గౌరవం లేదు. ఇప్పుడు నాలుగో ఆరో కాళ్లు, ద్రవపు ఒత్తిడితో కాళ్లను నడిపే ఒక హైడ్రాలిక్ పంపు లేదా కాలికొక మోటారు, వంపును కొలిచే సెన్సార్లు, వీటన్నింటిపై అధికారం చలాయించే కంట్రోలరు, దాని తరఫున ప్రజలతో మాట్లాడే చిన్న టచ్‌ప్యాడ్ ఉన్నాయి. ఆటో అన్న మీట నొక్కగానే ముక్కు పైకో కిందకో కదిలి ముందువెనుకలు సరిచూసుకుంటుంది. ఆ తర్వాత వెనుక కాళ్లు దిగుతాయి. ఆపైన కుడి ఎడమల తగవు తీరుతుంది. తీరినప్పుడు.

మట్టం అంత అవసరమా అని అడిగే నాస్తికులు కొందరున్నారు. వారి కోసం కొద్దిగా లెక్క. ముప్ఫై అయిదు అడుగుల ట్రైలరు పొడవునా ఒక్క డిగ్రీ వాలితే, ఈ కొసకూ ఆ కొసకూ ఏడు అంగుళాలకు పైగా తేడా వస్తుంది. నిద్రలో మనిషి మంచం కిందికి జారడం చిన్న విషయం; గ్యాసుతో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ కథ వేరు. అందులో కంప్రెసరు ఉండదు. వేడికి ఆవిరైన అమ్మోనియా మళ్లీ ద్రవమై, గొట్టాల వెంట తన బరువుతో తానే కిందికి పారుతూ తిరుగుతుంది. గొట్టం వంపు తప్పితే ద్రవం ఒకచోట నిలిచిపోయి, అక్కడే వేడెక్కి, కొంతకాలానికి ఫ్రిజ్ శాశ్వతంగా మొండికేస్తుంది. అందుకే తయారీదారులు పక్కలకు మూడు డిగ్రీలు, ముందువెనుకలకు ఆరు డిగ్రీల దరిదాపున హద్దు పెడుతుంటారు. బయటికి జరిగే గదులు కూడా చట్రం మెలిపడితే దారిలోనే బిగుసుకుంటాయి. కాబట్టి కార్యాలయం చేస్తున్న పని ప్రజాహితమే. పనిచేసే రోజుల్లో.

ఇక తిరస్కరణ ఉత్తర్వుల విషయానికి వద్దాం. వీటిలో అత్యున్నత స్థానం 'లో వోల్టేజ్' అనే ఉత్తర్వుది. యజమాని వెంటనే మల్టీమీటరు తెచ్చి బ్యాటరీ కొసల మీద పెడతాడు. అది 12.6 వోల్టులు చూపుతుంది, అంటే బ్యాటరీ నిండుగా ఉందని అర్థం. అతడు ఆ అంకెను విజయపత్రంలా పైకెత్తి, పెట్టె అబద్ధమాడుతోందని ప్రకటిస్తాడు. ఇక్కడే పౌరుడు తప్పులో కాలేశాడు. ఏ పనీ చేయని వేళ కొలిచిన వోల్టేజీ, ఏ పనీ చెప్పనంత సేపు మనుషులు చూపే ఉత్సాహమంతటిదే. హైడ్రాలిక్ పంపు తిరగడం మొదలుపెడితే వంద ఆంపియర్ల దరిదాపున కరెంటు లాగవచ్చు. దారిలో ఎక్కడో ఒక తుప్పు పట్టిన బోల్టు దగ్గర ఓములో యాభయ్యో వంతు నిరోధం ఉన్నా చాలు, అక్కడికక్కడే రెండు వోల్టులు ఆవిరైపోతాయి. బ్యాటరీ దగ్గర నిండుగా బయలుదేరిన విద్యుత్తు కంట్రోలరు గుమ్మం చేరేసరికి చిక్కి సగమైతే, కంట్రోలరు తన ఎదుట నిలిచినదాన్ని చూసి తీర్పు చెబుతుంది తప్ప, ఇంటి దగ్గర అది ఎంత పుష్టిగా ఉండేదో విచారించదు. అందుచేత కొలత తీసుకోవలసిన చోటు కంట్రోలరు కొసల వద్ద, కొలవవలసిన సమయం కాలు కదులుతున్నప్పుడు. ఇంత చిన్న మర్యాద పాటించకుండా కొత్త కంట్రోలరు కొని బిగించినవారు కోకొల్లలు. కొత్తది కూడా మొదటి పలుకుగా 'లో వోల్టేజ్' అంటుంది.

ఆ నిరోధం ఎక్కడ దాగి ఉంటుందో అందరికీ తెలిసినదే అయినా ఎవరూ మొదట చూడరు. ఎర్ర తీగను అందరూ అనుమానిస్తారు. దాని ఫ్యూజునూ బ్రేకరునూ విప్పి చూస్తారు. నల్ల తీగ, అంటే చట్రానికి బిగించిన గ్రౌండ్ తీగ, నిందకు అతీతంగా బతుకుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, రంగు పూసిన ఇనుము మీదనే దాన్ని బిగించి, పైన రోడ్డు ఉప్పునూ బురదనూ పట్టించుకోకుండా వదిలేస్తే, అది ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా వోల్టులను మింగుతుంది. దాన్ని విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించడం పావుగంట పని. కానీ అంత తేలిక పరిష్కారాన్ని మొదటే ప్రయత్నించడం సమస్య హోదాను కించపరచడమేనని యజమానులు భావిస్తారు కాబోలు.

బయటి కరెంటుకు తీగ తగిలించాం కదా, ఇక బ్యాటరీతో పనేమిటని వాదించేవారు మరో వర్గం. ఆ కరెంటును పన్నెండు వోల్టులుగా మార్చే కన్వర్టరు దీపాలకు, ఫ్యానులకు, బ్యాటరీ నింపడానికి సరిపోతుంది. పంపు ఒక్కసారిగా అడిగే మొత్తాన్ని ఒంటరిగా ఇవ్వగలిగినవి అరుదు. ట్రక్కు నుంచి వచ్చే ఏడు పిన్నుల తీగ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని సన్నదనం చూసి, అది ఇంత బరువు లేపుతుందనుకోవడం భక్తికి నిదర్శనమే గానీ విద్యుచ్ఛాస్త్రానికి కాదు.

రెండో ఉత్తర్వు 'ఎక్సెస్ యాంగిల్'. వాలు హద్దు దాటింది కాబట్టి లెవెల్ చేయబడదని దీని తాత్పర్యం. మట్టంగా లేనివాటిని మట్టం చేయడానికి నెలకొల్పిన కార్యాలయం, మట్టంగా లేరన్న కారణంతో అర్జీ తోసిపుచ్చడంలో వైరుధ్యం ఉందని తొందరపాటువారు అంటారు. వైద్యశాలకు ఆరోగ్యవంతులే రావాలన్న నియమంలాగా ఉందని ఎగతాళి కూడా చేస్తారు. కానీ ఆలోచించండి: కాలికి ఉన్న పొడవు కొంతే. నేల వాలు దాన్ని మించితే ఏదో ఒక కాలు కొస వరకూ చాచుకుని, మరో కాలు గాలిలో తేలి, అన్ని టన్నుల ఇల్లు ఒంటికాలి జపానికి దిగుతుంది. అప్పుడు బండిని నాలుగు అడుగులు ముందుకో వెనక్కో జరపడమే సరైన మార్గం. నచ్చిన చెట్టు నీడ అక్కడే ఉందన్నది కార్యాలయం పరిశీలనలోకి రాని అంశం.

'అవుట్ ఆఫ్ స్ట్రోక్', అంటే కాలు చాచగలిగే పొడవు అయిపోయిందన్నది మాత్రం పూర్తిగా పౌరుడి బాధ్యతారాహిత్యం మీద విధించే శిక్ష. ముందరి కాళ్లలో చాలావాటికి లోపల ఇంకో కాలు ఉంటుంది. పిన్ను లాగి దాన్ని చేత్తో నేలకు కొన్ని అంగుళాల ఎత్తు దాకా దించి, పిన్ను మళ్లీ రంధ్రంలో పడేలా చూడాలి. అలా దించకుండా మీట నొక్కితే మోటారు తన సత్తువంతా, పొడవంతా గాలిని కిందికి తోయడానికే వెచ్చించి, నేల తగిలే సమయానికి చేతులెత్తేస్తుంది. రెండు కాళ్లను రెండు వేర్వేరు రంధ్రాలలో పెట్టి, ముక్కు వంకరగా ఉందేమని అడిగేవారిపై ఈ వ్యాసకర్తకు సానుభూతి లేదు. చెక్క పలకలు కాళ్ల కింద వేస్తే ఆ మేరకు పొడవు మిగులుతుంది, మెత్తని నేలలో కాలు దిగబడకుండానూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కాళ్లకు ఈ పలక మరీ ముఖ్యం. నేల తగిలిందన్న విషయాన్ని అవి కళ్లతో చూడవు. మోటారు లాగే కరెంటు పెరగడాన్ని బట్టి ఊహిస్తాయి. బురదలో కాలు మెత్తగా దిగుతూ పోతే నేల ఇంకా రాలేదనుకుంటాయి. చలికి గ్రీజు గడ్డకట్టి మోటారు బిగుసుకుంటే, కాలు గాలిలో ఉండగానే నేల వచ్చేసిందని నమోదు చేస్తాయి. రెండు సందర్భాలలోనూ దస్త్రం సక్రమంగానే ఉంటుంది, ఇల్లు మాత్రం వంకరగా ఉంటుంది.

అన్నిటికంటే గంభీరమైన అధ్యాయం సున్నా బిందువుది. కొన్ని ట్రైలర్లు ఏ హెచ్చరికా లేకుండా, ఎంతో ఆత్మవిశ్వాసంతో, ప్రతిసారీ ఒకే పక్కకు వాలి నిలుస్తాయి. 'ఆటో లెవెల్ కంప్లీట్' అని తెర చెబుతుంది. బల్ల మీద గుండ్రంగా ఉన్నదల్లా తలుపు వైపు దొర్లుతుంది. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు కనుక, తెర ధ్రువీకరించిన వాలునే మట్టంగా స్వీకరించి జీవించే ఓర్పుగల కుటుంబాలు లేకపోలేదు. వాస్తవమేమిటంటే, మట్టమంటే ఏమిటో సెన్సారుకు పుట్టుకతో తెలియదు. ట్రైలరు ఒకప్పుడు ఎలా నిలిచి ఉండగా ఇదే మట్టమని ఎవరో మీట నొక్కి చెప్పారో, ఆ భంగిమనే అది జీవితాంతం ఆరాధిస్తుంది. కంట్రోలరును పట్టి ఉంచిన మరలు వదులై అది కాస్త తిరిగినా, ఎవరో దాన్ని విప్పి మరోలా బిగించినా, సత్యమూ దానితోపాటే తిరుగుతుంది. అప్పుడు చేయవలసినది: మాన్యువల్ పద్ధతిలో కాళ్లను నడిపి, ట్రైలరు మధ్యలో నేల మీద రసమట్టం పెట్టి, పొడవునా అడ్డంగానూ బుడగ నడుమ నిలిచేదాకా సరిచేసి, ఆ స్థితిని సున్నాగా నమోదు చేయించడం. కొన్ని ప్యానెళ్లలో అందుకు తెర ఆపి ఉంచి, ఫ్రంట్ మీటను అయిదు సార్లు, రియర్ మీటను అయిదు సార్లు నొక్కాలి; మంత్రం తప్పితే మళ్లీ మొదటికే. సెన్సార్లు, కంట్రోలరు, రంగుల తెర కలిసి నెలకొల్పిన ఈ మహావ్యవస్థ యావత్తూ చివరకు బ్యాటరీ లేని ఒక నీటి బుడగ ఇచ్చిన వాంగ్మూలం మీద ఆధారపడి ఉందన్న విషయం కార్యాలయం గోడ మీద ఎక్కడా రాసి ఉండదు.

హైడ్రాలిక్ శాఖ గురించి క్లుప్తంగా. 'జాక్ టైమ్ అవుట్', అంటే కాలు గడువులోగా పని ముగించలేదన్న హెచ్చరిక, వస్తే ద్రవం తగ్గిందేమోనని చూడాలి, కానీ కాళ్లూ గదులూ అన్నీ లోపలికి ముడిచాకే చూడాలి. అవి చాచి ఉన్నప్పుడు ద్రవం సిలిండర్లలో ఉంటుంది కనుక ట్యాంకు ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీని చూసి జాలిపడి నింపినవారికి, బయలుదేరే రోజున కాళ్లు ముడవగానే ఎర్రని ద్రవం మూతలోంచి పొంగి కృతజ్ఞత తెలుపుతుంది. గొట్టాలలో గాలి చేరితే కాళ్లు వణుకుతూ కదులుతాయి. కొన్నిసార్లు పూర్తిగా చాచి ముడిస్తే ఆ గాలి ట్యాంకు దారి పడుతుంది. 'ఎక్స్‌టర్నల్ సెన్సార్' అన్న హెచ్చరిక వస్తే సెన్సారును నిందించేముందు దాని తీగ వెంట నడవాలి. బండి అడుగున నీళ్లకూ రాళ్లకూ ఎదురుగా వేలాడే ఆ తీగను ఎలుక కొరికిందేమో, జోడింపులో పచ్చని తుప్పు పట్టిందేమో చూడాలి. అయితే జాక్‌ల మీద మాత్రమే నిలిచిన ట్రైలరు కిందికి ఎవరూ దూరకూడదు. ఇందులో మాత్రం వ్యంగ్యమేమీ లేదు.

ఇన్ని జతపరిచినా కార్యాలయం తలుపు తీయకపోతే చివరి నిబంధన ఒకటుంది. యజమానులకిచ్చే పుస్తకంలో వెనుక పుటల్లో, స్వయంచాలక వ్యవస్థను చేత్తో నడిపే విధానం వివరించి ఉంటుంది. చాలా పంపులలో మోటారు కొసన ఉన్న మూత తీసి, వాల్వును చేత్తో తెరిచి, తీగ లేని డ్రిల్లుతో పంపును తిప్పవచ్చు. ఎలక్ట్రిక్ కాళ్లకూ అలాంటి ఏర్పాటు ఉండడం కద్దు. ట్రైలరు బ్యాటరీ పన్నెండు వోల్టులదైతే డ్రిల్లు బ్యాటరీ చాలావరకు పద్దెనిమిది వోల్టులది, కాబట్టి హోదాలో అదే పెద్దది. బయలుదేరేముందు దాన్ని ఛార్జి చేసి పెట్టుకుంటే, కార్యాలయంతో సంప్రదింపులు మరింత సుహృద్భావ వాతావరణంలో సాగుతాయి.