ప్రైరీలో గోల్ఫ్ ఓకే, బుల్డోజర్ మాత్రం వద్దు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ములెన్ అని ఒక చిన్న ఊరుంది, జనాభా ఓ ఐదొందలు, చుట్టూ ఎటు చూసినా గడ్డి కప్పిన ఇసుక దిబ్బలు, వాటి మీద మేసే పశువులు, అంతే. అక్కడ గోల్ఫ్ క్లబ్ పెడతానని డిక్ యంగ్స్‌క్యాప్ అనే డెవలపర్ దిగాడు. పెద్ద సిటీకి వెళ్లాలంటే గంటల కొద్దీ డ్రైవింగ్, చలికాలం భయంకరం, ఆడుకునేది ఏడాదిలో కొన్ని నెలలే, ఇక్కడికి ఎవడొస్తాడ్రా అనే అనిపిస్తుంది ఎవరికైనా. 1995లో శాండ్ హిల్స్ గోల్ఫ్ క్లబ్ తెరిచారు, జనం విమానాలెక్కి మరీ వచ్చారు. దాంతో అందరి కన్నూ ప్రైరీ మీద, అంటే ఈ విశాలమైన గడ్డినేలల మీద పడింది. అదే ములెన్ దగ్గర డిస్మల్ రివర్, వాలెంటైన్ అనే ఊరి వైపు ప్రైరీ క్లబ్, క్యాప్‌రాక్, పక్క రాష్ట్రం కొలరాడోలో బాలీనీల్, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. వీటినే డెస్టినేషన్ క్లబ్‌లు అంటున్నారు, అంటే పక్కింటోళ్ల కోసం కాదు, ఎక్కడో ఉండి ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే మెంబర్ల కోసం.

మేము గోల్ఫ్‌కి వ్యతిరేకం కాదు. అమెరికాలో ఉన్న మా పాఠకుల్లో వీకెండ్ వస్తే బ్యాగ్ భుజాన వేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల మీద మాకేం కోపం లేదు. మా మాట ఒక్కటే, ప్రైరీలో కొత్త క్లబ్ కట్టే ప్రతివాడూ శాండ్ హిల్స్ పేరు చెప్పుకుంటాడు, కానీ శాండ్ హిల్స్ అసలు ఎలా తయారైందో దాన్ని వదిలేసి పేరు ఒక్కటే వాడుకుంటే కుదరదు.

అక్కడ జరిగింది చూడండి. బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అనే ఇద్దరు డిజైనర్లు సుమారు 8,000 ఎకరాల్లో పదే పదే తిరిగారు, దిబ్బలెక్కి దిగి, గాలి ఎటు కొడుతుందో, పల్లం ఎటు జారుతుందో చూసుకుంటూ 130కి పైగా హోల్స్ (బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి అది పడాల్సిన గుంట దాకా ఒక్కో ఆట దారి) గుర్తించి మ్యాప్ మీద పెట్టుకున్నారు, వాటిలోంచి 18 ఏరుకున్నారు. మట్టి దాదాపు కదపలేదు. గ్రీన్లు (గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి) చాలావరకు ఉన్న నేల మీదే వచ్చేశాయి, గడ్డి కోసి, విత్తనం చల్లి, నీళ్ల పైపులు వేశారు. క్లబ్‌హౌస్‌ని కూడా కోర్సు మధ్యలో తెచ్చి పెట్టలేదు, మొదటి టీ, అంటే ఆట మొదలుపెట్టే చోటు నుంచి దాదాపు మైలు దూరంలో ఉంటుంది. మిగతా చోట్ల లక్షల క్యూబిక్ గజాల మట్టి తోలి దిబ్బలు పుట్టించే కాలంలో ఇది చేశారు, అదీ అసలు గొప్ప.

బంకర్ల, అంటే కోర్సులో ఆటకి అడ్డంగా ఉండే ఇసుక గుంటల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆ దిబ్బల్ని గడ్డి వేర్లే పట్టి ఉంచుతాయి. పశువులు ఒకే చోట తొక్కి తొక్కి గడ్డి పోయిందంటే గాలి ఆ చిన్న సందు పట్టుకుని ఇసుకని తవ్వుకుంటూ పోతుంది, కొన్నేళ్లకి అక్కడ పెద్ద గుంట పడుతుంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. రాంచ్ (పశువుల ఫారం) వాళ్లకి అది తలనొప్పి, పాత టైర్లు, ఎండుగడ్డి పడేసి ఆపడానికి చూస్తారు. గోల్ఫర్‌కి మాత్రం అదే రెడీమేడ్ బంకర్. ఇదే గుంటల్లో బ్లోఅవుట్ పెన్‌స్టెమాన్ అని లేత ఊదా పూల మొక్క ఒకటి బతుకుతుంది, కదిలే ఇసుక లేకపోతే దానికి చోటే లేదు, అంతరించిపోయిందనుకుని మళ్లీ దొరికిన మొక్క అది, 1987 నుంచి అంతరించే జాతుల లిస్టులో ఉంది. కాబట్టి గుంట కనిపించగానే రేక్ పట్టుకుని దిగేముందు దాంట్లో ఏం మొలిచిందో బాటనీ తెలిసినవాడిని పిలిచి చూపించాలి, ఇదేం పెద్ద ఖర్చు కాదు.

నీళ్ల దగ్గరే మా అసలు భయం. ఈ దిబ్బల కింద ఓగల్లాలా అనే భారీ భూగర్భ జలనిధి ఉంది. వాన పడితే ఇసుక నిలవనివ్వదు, నేరుగా కిందికి పంపించేస్తుంది, చాలా చోట్ల నీటిమట్టం ఎంత పైన ఉంటుందంటే దిబ్బల మధ్య పల్లాల్లో చెరువుల్లా బయటికే కనిపిస్తుంది. మరి వానని అంత ఈజీగా పంపే ఇసుక గ్రీన్ల మీద వేసే నైట్రోజన్ ఎరువుని ఆపుతుందా? రాంచ్ ఇళ్లలో తాగేది బోరు నీళ్లే. పచ్చగా మెరిసే ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా పరిచిన గడ్డి) టీవీలో బాగుంటుంది గానీ ఈ నేలకి సూటు కాదు, తక్కువ నీళ్లతో బతికే ఫెస్క్యూ గడ్డి వేసి ఎండాకాలం అది కాస్త గోధుమరంగుకి తిరిగితే తిరగనివ్వాలి.

ఈ నేల మాట వినకుండా వచ్చినవాళ్లకి ఏమైందో ఇప్పటికే ఒకసారి చూశాం కూడా. 1904లో కింకెయిడ్ చట్టం పెట్టి కుటుంబానికి 640 ఎకరాల చొప్పున ఇస్తే జనం ఎగబడి వచ్చారు, దున్నినచోట ఇసుక లేచింది, పంట చేతికి రాలేదు, చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు, భూమి మళ్లీ పశువుల చేతికే వచ్చింది. నాగలికి లొంగనిది డోజర్‌కి లొంగుతుందని ఎందుకు అనుకోవాలి?

క్లబ్బుల వాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. కోర్సు తీసుకునేది మొత్తం భూమిలో కొంచెమే, మిగతాది గడ్డిగానే ఉంటుంది, మొక్కజొన్న వేసి గుండ్రంగా తిరిగే పైపులతో నీళ్లు పెట్టేదానికన్నా ఇది నయం కదా అంటారు. నయమే. ఎత్తు గడ్డి ప్రైరీ అయితే అమెరికాలో ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు, అది ఎక్కువగా పోయింది నాగలి కిందే. కానీ మిగతా భూమి గడ్డిగానే ఉంటుందని బ్రోషర్లో రాస్తే చాలదు, రేపు ఓనర్ మారితే విల్లాల ప్లాట్లు వేయడని గ్యారంటీ ఏంటి? శాశ్వతంగా కట్టడాలు రాకుండా కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అనే ఒప్పందం రాసి రిజిస్టర్ చేయాలి. పశువుల్ని మేపనివ్వాలి, అప్పుడప్పుడు పద్ధతిగా నిప్పు పెట్టాలి, లేకపోతే ఈస్టర్న్ రెడ్ సీడర్ చెట్లు కమ్ముకుని గడ్డిని మింగేస్తాయి. (మన దగ్గర రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో శాంక్చువరీ పెట్టాం, గడ్డినేల చుట్టూ మారిపోతుంటే ఆపలేకపోయాం, పిట్ట కనిపించడమే మానేసింది. గడ్డిని ఖాళీ జాగా అనుకునే జబ్బు అమెరికాకే సొంతం కాదు.)

ఇంకోటి, ఊరోళ్లకి ఏంటి లాభం? సీజన్లో కొన్ని ఉద్యోగాలు, పిల్లలకి ఆటగాళ్ల బ్యాగులు మోసే క్యాడీ పని, కౌంటీకి (మన జిల్లా లాంటిది) పన్ను, బాగానే ఉంది. కానీ గేటు బయట నిలబడి చూడటమే తప్ప లోపలికి వెళ్లి ఆడలేని పరిస్థితి మాకు నచ్చదు. విస్కాన్సిన్‌లో 2017లో మొదలైన శాండ్ వ్యాలీ చూడండి, పేపర్ కోసం పెంచిన పైన్ తోటలు తీసేసి పాత ఇసుకనేలని తిరిగి తెస్తున్నారు, డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. రేటు మామూలోడికి అందేది కాదులెండి, అయినా తలుపైతే మూసిలేదు. కొత్తగా కట్టే ప్రైవేటు క్లబ్ కూడా సీజన్లో కొన్ని రోజులు ఆ కౌంటీ వాళ్లకి, హైస్కూల్ టీములకి వదిలితే వాళ్ల సొమ్మేం పోదు.

పర్మిషన్ ఇచ్చే కౌంటీ బోర్డులు క్లబ్‌హౌస్ బొమ్మలు తర్వాత చూడొచ్చు. ముందు ఎన్ని క్యూబిక్ గజాల మట్టి కదుపుతారో, ఏ బోరు నుంచి ఎన్ని నీళ్లు తోడతారో కాగితం మీద అడగాలి, చుట్టుపక్కల రాంచ్ బోర్లలో ఎరువు నుంచి దిగే నైట్రేట్ ఎంతుందో పని మొదలవకముందే టెస్ట్ చేయించి, తర్వాత ఏటా క్లబ్ ఖర్చుతోనే చేయిస్తూ ఆ రిపోర్టులు ఊళ్లో అందరికీ కనపడేలా పెట్టించాలి.