ఫోర్ ట్వంటీ గారికి వీధి నుంచి ఒక లేఖ

ఫోర్ ట్వంటీ గారూ,

1862 జనవరి 1న భారత శిక్షాస్మృతిలో మోసాల సెక్షన్ 420గా డ్యూటీలో చేరారు. 2024 జులై 1న ఇంటికి పంపేశారు. దండా లేదు, శాలువా లేదు. కనీసం కుర్చీ కూడా మిగల్చలేదు. పాత శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుంటే, కొత్త న్యాయ సంహితలో 358తో సరి. మీ అంకె దాకా లెక్కే రాదు. మీ పాత కొలీగ్ 302 నయం. హత్యల పని లాగేసుకున్నా, మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటల సెక్షన్‌లో సర్దేశారు.

మోసం చేసి ఎదుటివాడి ఆస్తి రాయించుకుంటే ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. మీ అసలు పని అది. మేం చూస్తే పాలల్లో నీళ్లు కలిపినవాడికీ, ట్యూషన్ ఎగ్గొట్టి సినిమాకెళ్లినవాడికీ మిమ్మల్నే తగిలించాం. హైదరాబాద్‌లో అయితే చార్ సౌ బీస్ అని ముద్దుగా పిలుచుకున్నాం. నైజీరియాలో ఇదే ఉద్యోగం 419 చేస్తోందట, ఒక్క అంకె తేడా!

మోసానికి మా దగ్గర మాటల్లేక కాదండీ. టోపీ ఉంది, పంగనామం ఉంది, శఠగోపం ఉంది. (గుళ్లో తల మీద పెట్టే స్వామి పాదాలవి. శఠకోపుడు అంటే సాక్షాత్తు వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్. ఆయన పేరునే వదల్లేదు, మీరెంత!) చిక్కల్లా ఏమిటంటే, ఇవన్నీ మోసపోయినవాడి నెత్తికెక్కేవే. మోసం చేసినవాణ్ణి పిలవడానికి దగాకోరు ఉన్నాడు గానీ, వాడు పేపర్ హెడ్డింగుల్లో తప్ప వీధిలోకి దిగడు. వీధికి మీరే దిక్కు.

మొన్నటికి మొన్న మా వీధి చీటీల పెద్దమనిషి బ్యాగు సర్దుకుని స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే, పక్కింటి పిన్నిగారు చీపురుతో గేటు దాకా పరిగెత్తి, "ఒరేయ్ ఫోర్ ట్వంటీ వెధవా!" అని ఒక్క కేక పెట్టారు. వీధి వీధంతా బయటికొచ్చింది. మీ స్థానంలో ఇప్పుడున్నది 318, బ్రాకెట్లో నాలుగు. "ఒరేయ్ మూడు వందల పద్దెనిమిది బ్రాకెట్లో నాలుగు వెధవా" అనేసరికి వాడు ఊరి పొలిమేర దాటేసేవాడు.

ఇట్లు,
రెండు చీటీలు కట్టిన మీ అభిమాని

తా.క.: మొన్న అన్నాను గానీ, వాడు పారిపోయింది 2024 మే నెలలో. జులై 1కి ముందు చేసిన నేరం కాబట్టి పాత చట్టమే వర్తిస్తుందట. కాస్త మళ్లీ యూనిఫాం తొడుక్కుని రాగలరు.