సవరణ: ఆప్టికల్ కేబుల్, సబ్‌వూఫర్ గురించి

చిన్న ఫ్లాట్‌కు హోమ్ థియేటర్ ఎంచుకోవడంపై పోయిన వారం నేను రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. అది చదివి ఎవరైనా ఇప్పటికే కొనేసి ఉంటే క్షమించాలి.

"టీవీకి ఆప్టికల్ కేబుల్ కలిపినా, హెచ్‌డీఎంఐ కలిపినా ఒకటే" అన్నాను. కాదు. శబ్దాన్ని కాంతి రూపంలో పంపే ఆప్టికల్‌లో మామూలు డాల్బీ డిజిటల్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌కు సరిపడే శబ్దం) వరకే వెళ్తుంది. ఓటీటీ సినిమాల్లో అట్మాస్ (పైనుంచి కూడా వస్తున్నట్టు వినిపించే డాల్బీ శబ్దం) సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది, దాన్ని ఆప్టికల్ మోయలేదు. అట్మాస్ ఉన్న సౌండ్‌బార్ కొన్నవాళ్లు టీవీ వెనక 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉన్న, టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే హెచ్‌డీఎంఐ పోర్టుకే కలపండి.

రెండోది, సబ్‌వూఫర్‌ను (బేస్, అంటే లోతైన శబ్దం ఇచ్చే స్పీకర్‌ను) గది మూలన పెట్టమన్నాను. మూలన గోడల వల్ల బేస్ బాగా పెరుగుతుంది. పది బై పన్నెండు హాల్లో అది గుయ్యిమని మోగి మాటలను మింగేస్తుంది. విశాఖ మద్దిలపాలెంలో ఒకరు నా మాట విని అలాగే పెడితే కింది ఫ్లాట్‌వాళ్లు వచ్చి తలుపు కొట్టారట. ఆ తప్పు నాదే.

ఇలా చేయండి: సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, హాలంతా వంగి తిరుగుతూ వినండి. బేస్ ఎక్కడ సమంగా, స్పష్టంగా వినిపిస్తే అక్కడికి దాన్ని మార్చండి. కింద దళసరి ఫోమ్ ప్యాడ్ వేస్తే నేలకు తగిలే అదురు కొంత తగ్గుతుంది. గాలిలో వెళ్లే శబ్దం మాత్రం ఆగదు కాబట్టి రాత్రిపూట పెద్ద శబ్దాలను తగ్గించే నైట్ మోడ్ పెట్టుకోండి.

బీచ్ రోడ్ వైపు ఉప్పుగాలికి కేబుల్ పిన్నులు తుప్పు పడతాయని పోయిన వారం అన్న మాటలో మాత్రం మార్పు లేదు.