షుగరున్న పిల్లికి ఇన్సులిన్: ఆ సలహాల్లో పనికొచ్చేవి ఎన్ని?

షుగర్ వ్యాధి ఉన్న పిల్లిని సాకుతున్నవారి మధ్య ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారం ఇది: మనుషులకు ఇచ్చినట్టే పిల్లికీ ఇన్సులిన్ ఇవ్వవచ్చు, ప్రతిదానికీ డాక్టరు చుట్టూ తిరగనక్కరలేదు. ఏ సిరంజి అయినా ఒకటే. సీసాను బాగా కుదిపి వాడాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట కలిపి ఇవ్వాలి. పిల్లి తిన్నా తినకపోయినా సూది ఆపకూడదు. మీటరులో అంకె ఎక్కువుంటే ఒక యూనిట్ పెంచాలి. అంకె మామూలుకు రాగానే ఆపేయాలి, లేదంటే పిల్లి ఇన్సులిన్‌కు అలవాటు పడిపోతుంది. పిల్లి డీలా పడితే చక్కెర నీళ్లు తాగించాలి.

సూదికి భయపడవద్దని ఆ సందేశం చెప్పే ధైర్యం మంచిదే. ఆ సన్నని సూదిని చాలా పిల్లులు తింటూ తింటూనే పట్టించుకోకుండా వేయించుకుంటాయి. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో ఇవ్వాలన్న మాటా ఎక్కువ పిల్లుల విషయంలో సరైనదే. మెచ్చుకోదగినది అంతవరకే.

మొదట సిరంజి సంగతి. ఆ సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం అదే. ఇన్సులిన్ వేర్వేరు గాఢతల్లో వస్తుంది. యు-40 అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు, యు-100 అంటే 100 యూనిట్లు. జంతువుల కోసం తయారైన ఇన్సులిన్లు ఎక్కువగా యు-40. మనుషుల కోసం తయారై పిల్లులకూ వాడుతున్న గ్లార్జిన్ అనే ఇన్సులిన్ సాధారణంగా యు-100. సిరంజి మీది గీతలు కూడా ఆ గాఢతను బట్టే ఉంటాయి. యు-100 ఇన్సులిన్‌ను యు-40 సిరంజిలో ఒక యూనిట్ గీత వరకు లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. అదే తిరగబడితే వెళ్లేది 0.4 యూనిట్ మాత్రమే. మొదటి పొరపాటు కొన్ని గంటల్లోనే పిల్లికి ఫిట్స్ తెప్పించగలదు. రెండోది చప్పుడు లేకుండా దెబ్బ తీస్తుంది: మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచుకుంటూ పోతారు, ఏదో ఒక రోజు ఇంట్లో ఇంకెవరో సరైన సిరంజి తెస్తారు, పెంచిన మోతాదు అంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది.

యు-40 సిరంజి మూత సాధారణంగా ఎరుపు, యు-100 మూత నారింజ. అయినా రంగును నమ్ముకోకుండా సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను పక్కపక్కన పెట్టి చదవాలి. యు-100లో ఒక యూనిట్ అంటే 0.01 మిల్లీలీటరు, దాదాపు ఒక చుక్కలో ఐదో వంతు. అంత చిన్న కొలతలో ఒక గాలిబుడగ చేరినా మోతాదు మారిపోతుంది. సీసాను తలకిందులుగా, కంటికి ఎదురుగా పట్టుకుని, కావలసినదానికన్నా కాస్త ఎక్కువ లాగి, బుడగలు పోయేలా వెనక్కి తోస్తూ గీత దగ్గర ఆపాలి. అర యూనిట్ గీతలున్న సిరంజి దొరికితే మరీ మంచిది.

మనుషుల ఇన్సులిన్ పిల్లికి పనికిరాదని నేను అనడం లేదు. పిల్లి ఇన్సులిన్‌కు, ఆవు ఇన్సులిన్‌కు ఒక్క అమైనో ఆమ్లమే తేడా, మనిషి ఇన్సులిన్‌కు నాలుగు. గ్లార్జిన్ పిల్లుల్లో చక్కగానే పనిచేస్తుంది. ఏ రకం వాడుతున్నామో దానికి తగిన సిరంజి వాడాలన్నదే విషయం.

"బాగా కుదపాలి" అన్న మాట ఒక రకానికి నిజం, మరో రకానికి తప్పు. ప్రోటమిన్ జింక్ ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, కలపనక్కరలేదు, మబ్బుగా మారితే పారేయాలి. జంతువుల కోసం తయారైన పంది ఇన్సులిన్‌ను మాత్రం పాలలా ఒకే తీరుగా అయ్యేదాకా కుదపమని దాని తయారీదారులే చెబుతారు. సీసాతో వచ్చిన కాగితం చదవడం ఇలాంటి సందేశాలు చదవడం కన్నా మేలు. ఇక ఏ రకమైనా సరే, ఒకసారి గడ్డకట్టిందంటే కరిగాక కూడా వాడకూడదు.

మరిచిపోయిన పూట మోతాదును తర్వాతి పూటతో కలపడం ఎన్నడూ చేయకూడని పని. ఒక పూట ఇన్సులిన్ తప్పితే ఆ రోజు షుగర్ పెరుగుతుంది, అంతే. రెట్టింపు పడితే షుగర్ పాతాళానికి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సందేశం ఊసే ఎత్తని సందర్భం మరొకటి ఉంది. పిల్లి కదిలి సూది బొచ్చులోంచి అటు బయటికి వచ్చేస్తుంది. వేలికి తడి తగులుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్సులిన్‌లో కలిపే నిల్వమందు ఘాటు వాసన వస్తుంది. ఎంత లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. అప్పుడు రెండోసారి గుచ్చకూడదు, తర్వాతి పూట వేళకు మామూలు మోతాదు ఇవ్వాలి. ఇది తరచూ జరుగుతుంటే మెడ వెనక దట్టమైన బొచ్చు వదిలి డొక్క పక్కన చర్మం పైకెత్తి వేసి చూడండి. మందు ఒంటికి పట్టడానికీ ఆ చోటే నయమని చాలామంది వైద్యుల మాట.

తినని పిల్లికి పూర్తి మోతాదు వేయడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కడుపులోకి ఏమీ వెళ్లనప్పుడు ఇన్సులిన్ ఉన్న కాస్త షుగర్‌ను కూడా దించేస్తుంది. తగ్గించాలా, మానాలా అన్నది వైద్యులను ఫోనులో అడిగి తేల్చుకోవాలి. తిండి మానడం, వాంతులు కలిసి కనిపిస్తే ఫోనుతో సరిపెట్టకుండా ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

మీటరు దగ్గర సందేశం రెండు విధాలుగా పొరబడింది. మనుషుల మీటర్లు మనిషి రక్తానికి సరిపోయేలా సరిచేసినవి. పిల్లి రక్తంలో గ్లూకోజ్ దాదాపు అంతా ప్లాస్మాలోనే, అంటే రక్తంలోని ద్రవభాగంలోనే ఉంటుంది, ఎర్రకణాల్లో ఉండేది చాలా తక్కువ. అందువల్ల ఆ మీటర్లు తరచూ అసలుకన్నా తక్కువ చూపిస్తాయి. పిల్లుల కోసం సరిచేసిన మీటరు వాడాలి, లేదా ఆ తేడా తెలిసి చదవాలి. రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఒక్క అంకె చూసి మోతాదు పెంచరు. బెదిరిన పిల్లికి షుగర్ దానంతటదే పెరుగుతుంది, 300 దాటడమూ ఉంది. సూదికి ముందు చూసిన అంకె, సూది వేశాక షుగర్ ఎంత లోతుకు దిగుతుందో చెప్పదు. అది తెలియాలంటే పన్నెండు గంటల పాటు రెండేసి గంటలకోసారి చెవి అంచున చిన్న పోటుతో చూసి, ఆ అంకెలన్నీ వైద్యుల ముందు పెట్టాలి. మోతాదు మార్చాక కూడా కొన్ని రోజులు ఆగాకే ఫలితం తేలుతుంది.

ఇక అలవాటు పడిపోతుందన్న భయం. ఇక్కడ నిజం సరిగ్గా దీనికి ఎదురువైపు ఉంది. పిల్లుల షుగర్ ఎక్కువగా మనుషుల టైప్-2ను పోలి ఉంటుంది. తొందరగా ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండిపదార్థాలు తక్కువగా ఉన్న ఆహారం ఇస్తూ షుగర్‌ను అదుపులో పెట్టిన పిల్లుల్లో గణనీయమైన సంఖ్యలో కొన్ని నెలలకు ఇన్సులిన్ అవసరమే లేని స్థితికి చేరుకుంటాయి. అంటే దాన్ని వదిలించుకునే దారి కూడా ఇన్సులినే. కానీ అంకె మామూలుకు వచ్చింది మందు వల్లా, దాని సొంత క్లోమం కోలుకోవడం వల్లా అన్నది మెల్లగా తగ్గిస్తూ, కొలుస్తూ పోతేనే తెలుస్తుంది. ఒక్కసారిగా ఆపితే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీరసించి పడిపోవచ్చు.

చివరి సలహా చక్కెర నీళ్లు. షుగర్ పడిపోతే పిల్లి తూలుతుంది, బలహీనపడుతుంది, పిలిచినా పలకదు, ఫిట్స్‌తో కొట్టుకోవచ్చు కూడా. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. మింగలేని పిల్లి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేనె గానీ గ్లూకోజ్ పాకం గానీ వేలితో తీసి చిగుళ్లకు రాయాలి, కొట్టుకుంటున్నప్పుడు వేలు పళ్ల మధ్యకు పోనివ్వకూడదు. అది తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే తేనె ప్రభావం కాసేపే, ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. తర్వాతి పూట సూది వైద్యులు చెప్పేదాకా వేయకూడదు.