నీళ్లు రావు గారు

మొన్న ఆదివారం నుంచి నేను లిఫ్టు ఎక్కడం లేదు. ఉండేది నాలుగో అంతస్తు. అయినా మెట్లే. ఆ కాగితం లిఫ్టులో ఇంకా ఉంది.

ముందు సంగతులు టూకీగా చెప్పేస్తాను. మాది హైదరాబాదులో నిజాంపేట వైపు 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఇంటికి ఇద్దరేసి చొప్పున సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు గానీ, "మన లెక్కలూ నోటీసులూ కంప్యూటర్లో పెట్టేదెవరు?" అని అసోసియేషన్ మీటింగులో అడిగేసరికి అందరూ ఫోన్లలోకి తలలు దూర్చేశారు. నా ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. అలా దొరికిపోయాను.

డోకువికీ పెట్టాను. 2004లో ఆండ్రియాస్ గోర్ అనే ఆయన మొదలుపెట్టిన వికీ అది, అంటే ఎవరైనా బ్రౌజర్లోనే తెరిచి దిద్దుకోగలిగే పేజీల సైటు కట్టే సాఫ్ట్‌వేర్. డేటాబేస్ అక్కర్లేదు, ఒక్కో పేజీ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలు. రేపు నేను ఇల్లు మారిపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుని చదువుకుంటారులే అని నా దూరదృష్టి. వికీ అంటే హవాయి భాషలో "త్వరగా" అని. 1995లో తొలి వికీ కట్టిన వార్డ్ కనింగ్‌హామ్, హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు చూసి ఆ పేరు పెట్టాడు. మా సెక్రటరీ గారికి ఆ వికీలో దిద్దే బటన్ కనిపించడానికి ఏడాదిన్నర పట్టింది. కనిపించాక కూడా నొక్కలేదు. ఆయన పద్ధతి వేరు. పొద్దున్నే వికీ తెరుస్తారు, కొత్త పేజీ ఏదుంటే అది ప్రింటు తీస్తారు, లిఫ్టులో అంటిస్తారు. చదవరు. అంటిస్తారు.

పోయిన నెల ఆయనే ఒక తీర్మానం పెట్టారు. మెయింటెనెన్స్ బాకీల పట్టికలో పేర్ల పక్కన "గారు" లేదట. "బాకీ ఉన్నంత మాత్రాన మర్యాద కూడా ఎగ్గొడతామా?" అన్నారు. ఎనిమిది నెలలుగా పైసా కట్టనాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఏకగ్రీవం.

చేత్తో దిద్దుకుంటూ పోతే గంట పని. కానీ గంట పని తప్పించుకోవడానికి ఆరు గంటలు చాకిరీ చేయడమే కదా మా వృత్తిధర్మం. పేరు కనిపించగానే దానంతటదే "గారు" తగిలించే ప్లగిన్, అంటే వికీకి అతికించే చిన్న ప్రోగ్రాం, రాస్తానన్నాను. ఎవరూ అడక్కుండానే దానికి "మర్యాద" అని పేరు కూడా పెట్టాను.

డోకువికీకి ప్లగిన్ రాయడం నిజానికి బ్రహ్మవిద్యేం కాదు. ప్లగిన్ల ఫోల్డర్‌లో మనదో ఫోల్డర్, వివరాల కోసం చిన్న ఫైలు, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఓ కోడు ముక్క. నువ్వు ఏ రకం, నీ వంతు ఎప్పుడు, ఏ మాట కనిపిస్తే నిద్ర లేవాలి, లేచి ఏం చేయాలి, పేజీ మీద ఏం చూపించాలి. ఇంతే అడుగుతుంది. నేను మొదటి ప్రశ్న దగ్గరే గంటన్నర కూర్చున్నాను. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే రకాన్ని సబ్‌స్టిట్యూషన్ అంటారు కదా. స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకుని మరీ రాశాను. ప్లగిన్ ఉలకదు, పలకదు. తప్పుందని కూడా చెప్పదు. చివరికి తేలిందేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో ఎవరో "ట్యూ" మింగేసి "సబ్‌స్టిషన్" అని రాశారు. ఇప్పుడు దిద్దితే పాత ప్లగిన్లన్నీ పడిపోతాయని అలాగే ఉంచేశారు. కాబట్టి మనం కూడా బుద్ధిగా తప్పే రాయాలి. పట్టాలో మా తాతగారి పేరు తప్పు పడితే, మా నాన్న దాకా ఆ తప్పు పేరుకే శిస్తు కట్టారు. అలాంటిదే ఇదీ.

ఆ తర్వాతి తప్పు మాత్రం అచ్చంగా నాదే. రావు, రెడ్డి, రాజు, శర్మ, నాయుడు అని ఓ జాబితా ఇచ్చాను. పదం ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుంది అని చెప్పడానికి ఒక గుర్తు ఉంటుంది. ఇంగ్లీషు మాటలకి చక్కగా పనిచేస్తుంది. మన "రావు" మనకి రెండక్షరాలు, కంప్యూటరుకి 12 బైట్లు. అందులో ఒక్క బైటుని కూడా ఆ గుర్తు అక్షరంగా ఒప్పుకోలేదు. అక్షరమే లేనప్పుడు పదం అంచు ఎక్కడిది? ప్లగిన్ మళ్లీ మౌనవ్రతం. అర్ధరాత్రి ఒంటిగంటకి విసుగొచ్చి ఆ గుర్తులు రెండూ పీకేశాను. వెంటనే పనిచేసింది. రెడ్డి గారు 9,000, శర్మ గారు 4,500, నాయుడు గారు 13,500. బాకీదార్లంతా పెళ్లి శుభలేఖలో పెద్దల్లా మెరిసిపోతున్నారు. ఆ ఒక్క పేజీ చూసుకుని మురిసిపోయి పడుకున్నాను.

శుక్రవారం రాత్రి, ఆదివారం పైపులైను మరమ్మతు ఉందని కబురొచ్చింది. మర్నాడు బెజవాడలో పెళ్లికి పోవాలి, పెట్టె సర్దుకుంటూనే వికీలో "ముఖ్య గమనిక" అని పెట్టి ఒక వాక్యం కొట్టాను: ఆదివారం ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు నీళ్లు రావు. గమనించగలరు. సేవ్ చేశాను. పేజీ ఎలా వచ్చిందో చూడలేదు. ఎందుకు చూస్తాను? రాసింది నేనే కదా.

ఆదివారం పొద్దున ఏడింటికి మా ఆవిడా నేనూ బస్సు దిగి వచ్చేసరికి, సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. దాని మీద కొత్త తువ్వాలు. పక్కన స్టూలు, స్టూలు మీద మూత తీయని మినరల్ వాటర్ బాటిల్. కుర్చీకి ఎదురుగా పదిమంది లైన్లో నిలబడ్డారు. 203 ఆవిడ చేతిలో గాజు సీసా, అందులో టీ రంగు నీళ్లు. మూడో అంతస్తు మామ్మగారు ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చారు. అందరికంటే ముందు సెక్రటరీ గారు, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"ఎవరొస్తున్నారు?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"నీళ్లు రావు గారంట సార్. ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఈడనే ఉంటారంట. ఇంకా రాలే."

ఇక్కడ నేను నిజం చెప్పాలి. నాకు వెలగలేదు. రాసిన చేయి నాది, ప్లగిన్ నాది, పేరు పెట్టింది నేను. అయినా ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. పైగా "ఆదివారం కూడా డ్యూటీ చేసే ఆఫీసరు! ఇంకా ఉన్నారన్నమాట ఇలాంటివాళ్లు" అని మా ఆవిడతో అన్నాను. నా తప్పేముంది చెప్పండి. తెలుగు వాక్యానికి క్రియ లేకపోయినా నడుస్తుంది. "ఈయన మా మామయ్య" అంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. అలాగే పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు నీళ్లు రావు గారు. సంపూర్ణ వాక్యం. ఇక ఇంటిపేరంటారా, ఉప్పు వారున్నారు, బెల్లం వారున్నారు, మిరియాల, వంకాయల, చింతకాయల, పులుసు, కిరాణా కొట్టు మొత్తం ఇంటిపేర్లలో పెట్టుకున్న జాతి మనది. ఇన్ని ఉన్నచోట నీళ్లు వారుండరా? ఉన్నవాడు నీళ్ల శాఖలో చేరడా?

మా బాత్రూములో షవర్ ఏడాదిగా ధార కట్టడం లేదు. ఆ మాట చెప్పుకుందామని బ్యాగుతో సహా లైన్ చివర నిలబడ్డాను. పావుగంట నిలబడ్డాను. మా ఆవిడ పైకి వెళ్లిపోయింది. ముందున్న ప్రెసిడెంటు రావు గారు వెనక్కి తిరిగి, "మన బిల్డింగులో ఇప్పటికే నలుగురు రావులం. ఈ ఐదో ఆయన ఓనరా, టెనెంటా? ఎలక్షన్లకి ముందు ఎవరు దింపారీయన్ని?" అని గుసగుసగా అడిగారు. "ఆఫీసరండీ" అని నేనే ఆయన్ని ఊరడించాను. సెక్రటరీ గారు ఫైలు తెరిచి వినతిపత్రం చదివి వినిపించారు. "శ్రీయుత నీళ్లు రావు గారి దివ్యసముఖమునకు" అని మొదలైంది. దివ్యసముఖం దగ్గర మామ్మగారు బాగుందన్నారు. మూడు పేజీలు. లిఫ్టులో అంటించే ముందు ఒక్క వాక్యం చదవని మనిషి మూడు పేజీలు రాశాడు.

ఎండెక్కింది. స్నానం చేసి వచ్చి మళ్లీ నిలబడదామని లిఫ్టెక్కాను. ఎదురుగా కాగితం. "ఆదివారం ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు నీళ్లు రావు గారు. గమనించగలరు." నాలుగు చెరగులా సెల్లోటేపు. మా లిఫ్టు నెమ్మది. నాలుగో అంతస్తు చేరేలోగా ఆ వాక్యం ఏడెనిమిదిసార్లు చదివాను. రెండో అంతస్తు దాటాక అర్థమైంది. మూడో అంతస్తులో ఎవరో ఎక్కబోతే చటుక్కున మీట నొక్కి తలుపు మూసేశాను.

ఒక్క ఇంట్లోనూ బిందె నింపుకోలేదు. మంచి ఆఫీసరు వస్తుంటే నీళ్లు పట్టుకోవడమేమిటి? పైగా ఆదివారం, వాషింగ్ మెషీన్లన్నీ తిరుగుతున్నాయి. తొమ్మిదింటికి పైన ట్యాంకు ఖాళీ. బోరు ఎండి రెండేళ్లయింది. ట్యాంకరు మధ్యాహ్నానికి గానీ రానంది. ఆ తర్వాత జరిగింది వదిలేయండి. 203 ఆవిడ ఆ టీ రంగు నీళ్లు ఎవరి మొహాన కొట్టిందో కూడా వదిలేయండి.

తలకి తువ్వాలు చుట్టుకునే లాప్‌టాప్ తెరిచాను. "నీళ్లు రావు" అని కనిపిస్తే ముట్టుకోకు అని ఒక పంక్తి చేర్చాను. పేజీ తెరిస్తే ఇంకా గారే. మళ్లీ తెరిచాను. గారే. వండిన పేజీని డోకువికీ దాచుకుని, అడిగినప్పుడల్లా అదే చద్దన్నం వడ్డిస్తుందన్న సంగతి కంగారులో గుర్తు రాలేదు. చిరునామా చివర "పర్జ్ ఈక్వల్స్ ట్రూ" అని తగిలిస్తే పారబోసి కొత్తగా వండుతుంది. తగిలించాను, పోయింది. లిఫ్టులో కాగితానికి ఆ సదుపాయం లేదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అన్ని పేజీలూ ఒకేసారి కొత్తగా వండిద్దామని సెట్టింగుల్లో ఏదో మార్చి సేవ్ చేశాను. అది చేస్తే దాచినవన్నీ ఒక్క దెబ్బకి చెల్లకుండా పోతాయి. పోయాయి. అప్పటిదాకా నా మర్యాద సోకని పాత పేజీలకి కూడా సోకింది. కార్తీక వనభోజనాల బస్సు "రావు గారులపాలెం" మీదుగా వెళ్లింది. తిరుపతి యాత్రలో టిఫిన్లు "నాయుడు గారుపేట" దగ్గర. ముందే ఒద్దికగా "రావు గారు" అని రాసిన చోటల్లా "రావు గారు గారు". జూన్ మీటింగు మినిట్స్‌లో "పార్కింగు విషయంలో వివాదం రాజుకుంది" అని నేను సాహిత్యం ఒలకబోశాను. అది "వివాదం రాజు గారుకుంది" అయింది. 105 రాజు గారు నిజంగానే పార్కింగు గొడవలో ఉన్నారు. ఆయన ఫోను చేసి, "నేరుగా నా పేరు రాయడమే కాక వెటకారంగా గారు కూడానా?" అన్నారు. పదం అంచుల గురించి, బైట్ల గురించి చెప్పబోయాను. పెట్టేశారు.

ప్లగిన్ తీసేస్తానన్నాను. సెక్రటరీ గారు వీల్లేదన్నారు. తీర్మానం చేసి పెట్టింది కాబట్టి తీయడానికి కూడా తీర్మానం కావాలట. అందుకో ప్రత్యేక సమావేశం. అజెండా ఆయన కాగితం మీద రాసి వాచ్‌మన్‌తో పంపితే నేను వికీలో కొట్టాలి. మొదటి అంశం, నీళ్లు రావు గారి గైర్హాజరుపై చర్చ. అది ఆయన వేళాకోళానికి రాశారో, ఇంకా నమ్ముతున్నారో తెలియలేదు. అడగలేదు. చివర ఒక హెచ్చరిక: సమావేశానికి పది దాటి వచ్చినవారికి టిఫిన్లు రావు. ఉన్నదున్నట్టు కొట్టి సేవ్ చేశాను. పొద్దున్నే ఆయన ప్రింటు తీసి, పాత కాగితం పక్కనే అంటించారట.

ఇందాక రెండో అంతస్తు నుంచి ఫోనొచ్చింది. "అన్నయ్యగారూ, వచ్చే వారం మా పాప పుట్టినరోజండి. ఈ టిఫిన్లు రావు గారి నంబరు ఉంటే ఇస్తారా?"