140 క్యాసెట్లూ, ఒక పాత డోర్ నంబరూ

మా మామగారు తెనాలి నుంచి వస్తున్నారంటే మా ఇంట్లో రెండు పనులు తప్పనిసరిగా జరుగుతాయి. ఒకటి, మా ఆవిడ పెసలు నానబోస్తుంది. రెండు, నేను ఏదో ఒక గొప్ప చెప్పుకుని ఇరుక్కుంటాను. ఈసారి చెప్పుకున్న గొప్ప పేరు మ్యూజిక్ సర్వర్.

మామగారికి పద్యనాటకాల పిచ్చి. తెనాలి మనిషికి ఆ పిచ్చి లేకపోతేనే ఆశ్చర్యపడాలి. వయసులో ఉన్నప్పుడు ఏ ఊళ్ళో నాటకమన్నా టేప్ రికార్డరు చంకన పెట్టుకుని వెళ్ళేవారట. హార్మోనియం పక్కన చోటు సంపాదించి, తెల్లవారుజాము దాకా రికార్డు చేసుకుని వచ్చేవారట. అలా పోగైన 140 క్యాసెట్లు, అన్నీ 90 నిమిషాలవే, రెండేళ్ళ క్రితం రెండు అట్టపెట్టెల్లో మా ఇంటికి చేరాయి. "బూజు పడుతున్నాయి అల్లుడుగారూ, మీ కంప్యూటర్లోకి ఎక్కించండి" అన్నారు, సంచిలో బియ్యం డబ్బాలో పోయమన్నంత తేలిగ్గా.

క్యాసెట్లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. తొందరపెడితే కృష్ణుడు చిలకలా అరుస్తాడు. గంటన్నర క్యాసెట్టు ఎక్కాలంటే గంటన్నరా పట్టాల్సిందే. 140 క్యాసెట్లంటే 210 గంటలు. మూడు నెలలపాటు ఆఫీసు నుంచి రావడం, టేప్ రికార్డరు నుంచి కంప్యూటర్‌కి తీగ గుచ్చడం, ఎర్ర బటన్ నొక్కడం, అన్నానికి వెళ్ళడం, వచ్చి రెండో వైపు తిప్పడం. ఇదే నా సంసారం. అన్నీ కూర్చుని విన్నావా అంటే, లేదు. ఒక్కోదాంట్లో మొదటి రెండు నిమిషాలు విని ఊరుకున్నాను. శబ్దం కాస్త దూరం నుంచి, గదిలో ఎక్కడో మోగుతున్నట్టు వచ్చేది. పాత టేపులు కదా అని సరిపెట్టుకున్నాను.

తర్వాత అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ ఒకటి కొని, అందులో నావిడ్రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, పాటలన్నీ దాంట్లో పెట్టాను. ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా బ్రౌజర్ తెరిచి 192.168.0.50 అని కొట్టి, పక్కన కోలన్ పెట్టి 4533 అంటే చాలు, పద్యాలు పాడాలి. రెండేళ్ళు పాడింది కూడా. అంటే పాడిందనే అనుకుంటున్నాను, నేను వింటే కదా!

మొన్న ఆదివారం పొద్దున మామగారు హాల్లో పడక్కుర్చీలో సర్దుకుని, కాఫీ గ్లాసు పుచ్చుకుని, "ఏదీ, కానివ్వండి" అన్నారు. నేను ఠీవిగా కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ నొక్కాను. తెర మీద తెల్లటి చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి ఈ సైటును చేరుకోలేకపోతున్నామని చేతులెత్తేసింది.

"పలికిందా?" అన్నారు మామగారు.

"ఒక్క నిమిషం మామయ్యగారూ."

ఒక్క నిమిషం అనే మాట నేను 9 గంటలకు అన్నాను. గుర్తుపెట్టుకోండి.

మొదట అందరూ చేసేదే చేశాను. ఆపి మళ్ళీ పెట్టాను. సర్వర్ డబ్బాకి ప్లగ్గు ఊడిందేమో చూశాను. ఊడలేదు. ఎర్ర లైటు వెలుగుతోంది, పచ్చ లైటు మిణుకుతోంది, నెట్ తీగ గట్టిగానే ఉంది. చూడ్డానికి నాకంటే ఆరోగ్యంగా ఉంది.

"గురువారం నెట్ అబ్బాయి వచ్చి రౌటర్ మార్చి వెళ్ళాడు కదండీ, అప్పట్నుంచేమో" అంది మా ఆవిడ, వంటింట్లోంచే.

"దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది బయటి నెట్ కాదు, ఇంట్లో నెట్" అన్నాను. ఈ వాక్యం కూడా గుర్తుపెట్టుకోండి.

ఫైర్‌వాల్ మీద అనుమానపడి దాన్ని ఆపేశాను. యాంటీవైరస్‌ని ఆపేశాను. బ్రౌజర్ పాత జ్ఞాపకాలన్నీ తుడిచేశాను. దాంతో మా ఆవిడ కరెంటు బిల్లు కట్టే సైటులో దాచుకున్న పాస్‌వర్డు కూడా పోయింది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

తర్వాత పింగ్ కొట్టాను. పింగ్ అంటే ఏమిటని మామగారు అడిగారు. పక్కింటి తలుపు తట్టి "ఉన్నారా అండీ" అని కేకేయడం లాంటిదని చెప్పాను. 1983లో మైక్ మూస్ అనే అమెరికా ఆయన దీన్ని రాశాడనీ, నీళ్ళలో జలాంతర్గాముల్ని వెతికే సోనార్ చేసే శబ్దమే దీని పేరనీ కూడా చెప్పాను. పని జరగనప్పుడు చరిత్ర చెప్పడం నాకు అలవాటు. నాలుగుసార్లు తలుపు తట్టింది కంప్యూటర్. నాలుగుసార్లూ "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్".

"ఇంట్లో లేరన్నమాట" అన్నారు మామగారు, రెండో కాఫీ అందుకుంటూ. ఆ తర్వాత నాటకాల రోజుల్లోకి వెళ్ళిపోయారు. పద్యం మధ్యలో మైకు పోతే నటుడు ఆగేవాడు కాదట. హార్మోనిస్టు ఒక శ్రుతి పెంచేవాడట, నటుడు గొంతు పెంచేవాడట, చివరి వరసలో వేరుశనక్కాయలు తింటున్నవాడిక్కూడా వినిపించేదట. పద్యం అవగానే జనం "వన్స్ మోర్" అని గోల. మళ్ళీ పాడాల్సిందే. చచ్చి పడి ఉన్న పాత్రయినా సరే, లేచి పాడి, మళ్ళీ పడుకోవాల్సిందే. "వన్స్ మోర్ పడని పద్యం పద్యమే కాదు అల్లుడుగారూ" అన్నారు. నా పద్యం ఒక్కసారి కూడా మొదలవలేదు.

పదిన్నరకి పౌరుషం చంపుకుని మా బామ్మర్దికి వీడియో కాల్ చేశాను. వాడు డల్లాస్‌లో నెట్‌వర్కులు చూసే ఉద్యోగం చేస్తాడు. అక్కడ శనివారం అర్ధరాత్రి. నిద్రమొహంతోనే, "బావా, ఈమధ్య రౌటర్ ఏమైనా మార్చారా?" అన్నాడు.

"అవున్రా! నాకూ అక్కడే అనుమానం" అన్నాను. వంటింట్లో అట్లకాడ పెనం మీద కాస్త గట్టిగా మోగింది.

వాడు చెప్పిందేమిటంటే, పాత రౌటర్ ఇంట్లో ప్రతి వస్తువుకీ 192.168.0 అనే వీధిలో డోర్ నంబర్లు ఇచ్చేది. కొత్తది 192.168.1 అనే వీధిలో ఇస్తోంది. ఫోన్లూ, టీవీ, హాల్లో కంప్యూటర్ అన్నీ బుద్ధిగా కొత్త వీధికి మారిపోయాయి. సర్వర్ ఒక్కటే పాత వీధి పేరు పట్టుకుని కూర్చుంది. బెజవాడలో ఇల్లు వెతికినవాళ్ళకి ఈ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు. డోర్ నంబరులో ఒక్క అంకె తేడా వస్తే మనిషి పక్క పేటలో తేలతాడు.

"మిగతావన్నీ మారితే ఇదెందుకు మారలేదు? ఎవడో దీనికి అడ్రస్ ఫిక్స్ చేసి పెట్టాడు బావా. ఎవడా తెలివైనవాడు?"

"అప్పట్లో... ఎవరో" అన్నాను.

మందు కూడా వాడే చెప్పాడు. హాల్లో కంప్యూటర్‌కి తాత్కాలికంగా మనమే పాత వీధి నంబరు ఒకటి, 192.168.0.20 అని, చేత్తో ఇస్తే సర్వర్‌తో మాట్లాడవచ్చు. తీగలన్నీ ఒకే డబ్బాలో కలుస్తున్నాయి కాబట్టి ఒకదానికొకటి వినపడతాయి. ఇచ్చాను. పింగ్ కొట్టాను. ఈసారి తలుపు తీశారు! నాలుగుకు నాలుగు జవాబులు. మామగారు కూడా కుర్చీలో ముందుకు వంగారు.

తలుపు తీసినాయన పాస్‌వర్డు అడిగాడు.

రెండేళ్ళ క్రితం పెట్టిన పాస్‌వర్డు ఎవరికి గుర్తుంటుంది? ఎక్కడ రాశానో మాత్రం గుర్తుంది. ఆ ఏడాది గోడ క్యాలెండర్లో, ఒక కాగితం వెనకాల. ఆ క్యాలెండర్ ఏదని అడిగితే మా ఆవిడ నన్ను సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, అలమర కింది అర చూపించింది. మా ఇంట్లో పాత క్యాలెండర్ కాగితాల గమ్యం అదే. ఊరగాయ జాడీల కింద పరుపు. ఈ ఏటి కొత్తావకాయ జాడీ, పోయినేటి మాగాయ జాడీ, పేరు మర్చిపోయిన ఇంకో జాడీ దించి కాగితం లాగాను. నూనెలో నాని నాని అద్దంలా అయింది. ఇవతలి పక్క నేను రాసిన అక్షరాల్లోంచి అవతలి పక్క రాహుకాలాలూ దుర్ముహూర్తాలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఏ అంకె పాస్‌వర్డుదో, ఏది వర్జ్యానిదో తేల్చడానికి మామగారి కళ్ళజోడు, మా ఆవిడ కళ్ళు, డల్లాస్ నుంచి బామ్మర్ది సలహా, అన్నీ కావాల్సి వచ్చాయి. పాస్‌వర్డు కింద నా దస్తూరీలోనే, రెండు గీతలు గీసి మరీ ఇలా ఉంది: "అడ్రస్ 192.168.0.50. ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చరాదు."

"అప్పట్లో ఎవరో, మీ దస్తూరీలోనే రాశారండీ" అంది మా ఆవిడ.

మూడో ప్రయత్నంలో తాళం తీసుకుంది. కీబోర్డు ఇప్పటికీ ఆవకాయ వాసనే. మిగతాది చకచకా అయిపోయింది. సర్వర్‌ని నువ్వూ అందరిలాగే రౌటర్ ఇచ్చిన నంబరు తీసుకో అని ఒప్పించాం. దానికి ఎప్పుడూ ఒకే నంబరు ఇవ్వమని రౌటర్లో రాసి పెట్టాం. మొదట్లోనే ఇలా రౌటర్ వైపు రాసి, సర్వర్‌ని దాని మానాన వదిలేసి ఉంటే, కొత్త డబ్బాలో ఆ ఒక్క ముక్క మళ్ళీ రాసుకుంటే సరిపోయేదట. కంప్యూటర్‌కి చేత్తో ఇచ్చిన నంబరు తీసేశాం. 12 దాటింది. మౌస్ నొక్కాను.

140 క్యాసెట్లూ వరసగా తెర మీద ప్రత్యక్షమయ్యాయి. మామగారి కళ్ళు మెరిశాయి. ఫోన్లో బామ్మర్ది చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను గెలిచిన రారాజులా "ఏ క్యాసెట్టు మామయ్యగారూ?" అన్నాను.

"17. రెండో వైపు. రాయబారం పద్యాలు."

హార్మోనియం శ్రుతి అందుకుంది. పద్యం మొదలైంది. రెండో పాదం మీద కృష్ణుడు రాగం తీస్తుండగా కుక్కర్ కూత వేసింది. మా ఆవిడ వంటింటి వైపు పరిగెత్తి, మళ్ళీ వచ్చింది. పొయ్యి మీద కుక్కరే లేదు. ఇంకో కూత. అప్పుడు అర్థమైంది నాకు. తీగ నేను సరిగ్గానే గుచ్చాను. కంప్యూటర్ మాత్రం ఆ తీగని పట్టించుకోకుండా, తన సొంత మైకుతో గదంతా వింటూ కూర్చుంది. మూడు నెలలూ.

కృష్ణుడి రాగం వెనక నుంచి మా ఆవిడ గొంతు: "ఏమండీ, నాన్న పండక్కి వస్తారట."

నేను మౌస్ కోసం చెయ్యి చాచాను. అది బల్ల మీంచి జారి కింద పడింది.

నా గొంతు, చక్కగా, హార్మోనియం కంటే దగ్గరగా: "మళ్ళీనా? మొన్ననేగా వెళ్ళారు! ఈసారి ఎన్నాళ్ళట?"

"బావా," అన్నాడు డల్లాస్ నుంచి బామ్మర్ది, "ఇక్కడికి కూడా భలే క్లియర్‌గా వినిపిస్తోంది."

మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. కళ్ళజోడు సవరించుకున్నారు. నా వైపు కాదు, స్పీకర్ వైపే చూస్తూ అన్నారు:

"వన్స్ మోర్."